మా బావ కొన్న పెద్ద పడవ

మిర్యాలగూడలో మా బావ దశదినకర్మ రోజు ఫంక్షన్ హాల్లో మైకు పట్టుకున్న ప్రతి పెద్దమనిషీ ఒకే మాట చెప్పాడు. భార్యను అడగకుండా ఏ పనీ చేయని మనిషి అని. మొదటాయన అన్నప్పుడు ఊరుకున్నాను. రెండో ఆయన అన్నప్పుడు పక్కన కూర్చున్న మా పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఎక్కడ లేస్తానోనని. ఆ తర్వాత రైస్ మిల్లుల పెద్ద ఒకాయన కండువా సర్దుకుని, "ఇంటావిడకు అంత విలువిచ్చిన మనిషిని నేనింతవరకు చూడలేదు" అనేసరికి పిన్ని చెయ్యి విడిపించుకుని లేచి వంటల దగ్గరికి వెళ్ళిపోయాను. చనిపోయినవాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదంటారు. సరే, మాట్లాడవద్దు. మంచి మాట్లాడేటప్పుడైనా కొంచెం నిజం ఉండాలి కదా.

అడిగేవాడు. ఆ మాట నేను కాదనను. మా అక్కనే కాదు, ఎదురుపడిన ప్రతివాళ్ళనూ అడిగేవాడు. ఆయన అడగడం ఎట్లా ఉండేదో ఆ హాల్లో కూర్చున్న వాళ్ళందరికీ తెలుసు. తెలిసీ పొగిడారు. నాకు మండింది అందుకే.

నేను కోదాడలో బడిపంతులమ్మను. బావ విజయవాడ వెళ్ళేటప్పుడల్లా కోదాడలో ఆగి, నన్నూ మా ఆయన్నీ బైపాసు మీది హోటలుకు తీసుకెళ్ళేవాడు. కూర్చోగానే తల పక్కకు వంచి, చెవి నావైపు పెట్టి, ఎంతో శ్రద్ధగా అడిగేవాడు.

"ఏం మరదలా, ఏం తింటవ్? ఇడ్లీ తింటవా? ఇడ్లీ తింటది. బాబూ, ఆమెకు ఇడ్లీ."

నాకు ఇడ్లీ పడదు. దోసె అనే మాట గొంతులో ఉండగానే ఇడ్లీ ప్లేటు బల్ల మీదికి వచ్చేది. చెవి మాత్రం ఇంకా నావైపే ఉండేది. చూసేవాళ్ళకు, అబ్బ, మరదలి మాట ఎంత ఓపిగ్గా వింటున్నాడు అనిపించేది. తర్వాత తొడ మీద చిన్నగా చరుచుకుని, "అడిగినం, అయిపాయె" అనేవాడు. ఆ మాట ఆయనకు ఊతపదం. కూతురి పెళ్ళి కుదిరినప్పుడూ అదే మాట, ఇంటికి రంగు వేయించినప్పుడూ అదే మాట. పెళ్ళిచూపుల నాడు కూతుర్ని పక్కకు పిలిచి, "పిలగాడు నచ్చిండా బిడ్డా? నచ్చిండు" అన్నాడు. ఆ పిలగాడు మంచివాడే అయ్యాడు, అది వేరే సంగతి. మంచివాడు కాకపోయినా ఆమెకు నచ్చి ఉండేవాడే.

ఆయన రైస్ మిల్లులోనూ అంతే. ఒకసారి గరిడేపల్లి నుంచి ట్రాక్టరు నిండా వడ్లు తెచ్చుకున్న రైతు ఒకాయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. బావ గుప్పెడు వడ్లు తీసి అరచేతిలో నలిపి, ఊది, ఒక గింజను పంటి కింద పెట్టి కొరికాడు. ఆయన పళ్ళు తేమను కనిపెట్టడంలో మిషనును మించేవి, అందులో సందేహం లేదు. తర్వాత తల వంచి చెవి పెట్టాడు.

"పచ్చిగున్నయి గదనే. ఇయ్యాల్నే ఏస్తవా, జర ఆరబోసుకుంటవా? ఆరబోసుకుంటడు. ఆరబోసుకో."

మబ్బు పట్టి ఉంది. ఆ రైతు ఆకాశం వైపు చూసి, బావ వైపు చూసి, ట్రాక్టరు వెనక్కి తిప్పుకుని పోయాడు. అప్పుడు బావ నావైపు తిరిగి, "రైతునడగకుండ ఏం జెయ్య మరదలా నేను" అన్నాడు. మనస్ఫూర్తిగా అన్నాడు. ఆ మనిషితో వచ్చిన కష్టమే అది. ఆయన నటించేవాడు కాదు. అడిగానని నిజంగానే నమ్మేవాడు.

మా అక్కను ఏనాడూ తిట్టలేదు. చెయ్యి ఎత్తలేదు. గొంతు పెంచలేదు. తిట్టే మొగుడైతే తిట్టాడని పుట్టింటికొచ్చి ఏడ్చే వీలుంటుంది. మా అక్కకు ఆ వీలు కూడా లేకుండా చేశాడు. "మా ఆయన నన్ను అడిగి, నేను చెప్పకముందే చెప్తాడు" అని ఏ తల్లితో చెప్పుకుంటుంది? చెప్పుకున్నా నవ్వుతారు. మా అమ్మ నవ్వింది కూడా.

ఒకసారి అక్కకు కడుపులో నొప్పి వస్తే దవాఖానకు నేనూ వెంట వెళ్ళాను. డాక్టరమ్మ అక్క పొట్ట మీద చెయ్యి పెట్టి, "ఎక్కడమ్మా నొప్పి?" అంది. "కుడిపక్క" అన్నాడు బావ. డాక్టరమ్మ కుడిపక్క నొక్కింది. అక్క కళ్ళు మూసుకుని "ఊ" అంది. నొప్పి ఎడమపక్కన. ముందురోజు ఫోనులో నాతో ఎడమపక్కనే అని చెప్పింది. నేను నోరు తెరిచి ఎడమపక్క అన్నాక డాక్టరమ్మ ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. బయటికొచ్చాక అక్క నామీదే కోపం చేసింది. "అందరి ముంగట ఆయన మాట తీసేస్తవా?" అని. ఆ రోజు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో అక్క మీదా అంతే వచ్చింది. తన కడుపు ఎక్కడ నొప్పి పెడుతుందో కూడా మొగుడికి వదిలేసిన మనిషిని ఏమనాలి?

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నాదీ మైకు పట్టుకున్నవాళ్ళ తీరే అవుతుంది. డిగ్రీ అయ్యాక మా నాన్న నన్ను ఇంట్లో కూర్చోబెట్టాలనుకున్నప్పుడు అడ్డం పడింది బావే. "బీయీడీ చేస్తవా మరదలా? చేస్తది మామా, చేర్పియ్యి" అన్నాడు. ఈ రోజు నా కాళ్ళ మీద నేను నిలబడ్డానంటే ఆ మాట వల్లే. నాకు పంతులమ్మ కావాలని ఉండిందా? ఇప్పటికీ నాకు తెలియదు. ఆ ప్రశ్నకు జవాబు ఆయన తీసుకుపోయాడు.

ఇక పడవ సంగతి.

పులిచింతల ప్రాజెక్టు కట్టాక మఠంపల్లి వైపు కృష్ణ వెనక్కి నిండి వెడల్పయింది. ఆదివారం వస్తే సూర్యాపేట నుంచి, కోదాడ నుంచి కార్లు ఆ ఒడ్డు పట్టేవి. బావ అక్కడ మామిడి తోట ఒకటి కొని, రెండు గదులు వేసి, షికారుకు మోటారు పడవ కొనాలనుకున్నాడు. ఆ మాట విన్న రోజు అక్క నాకు ఫోను చేసింది. మామూలుగా ఆమె ఫోను "తిన్నవా" తో మొదలై "సరే మరి" తో అయిపోతుంది. ఆ రోజు మాత్రం ఆగకుండా మాట్లాడింది.

ఎందుకంటే మేము పుట్టింది ఆ ఒడ్డునే. మా నాన్న నది అవతల మిరప తోట కౌలుకు చేసేవాడు. సద్ది మోసుకుని నాటుపడవలో అవతలికి వెళ్ళేది అక్క. పడవ నడిపే ముసలాయన నడుము నొప్పి వంకతో గడకర్ర ఆమె చేతికిచ్చి బీడీ ముట్టించుకునేవాడు. నాకు నీళ్ళంటే భయం, కూర్చుని పడవ అంచు పట్టుకునేదాన్ని. అక్క మాత్రం చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి నిలబడి నడిపేది. పెళ్ళయి మిర్యాలగూడ వెళ్ళాక ఆమె నిలబడగా నేను చూసింది వంటింట్లోనే.

విజయవాడ దాటాక నది పక్కన ఫైబరు పడవలు తయారుచేసే షెడ్డు ఒకటుంది. కోదాడలో నన్ను ఎక్కించుకుని ముగ్గురం వెళ్ళాం. షెడ్డు యజమాని రెండు పడవలు చూపించాడు. ఒకటి చిన్నది, నలుగురు కూర్చునేది. వెనక ఒకటే ఇంజను, ముందు స్టీరింగు, నీలం రంగు. జీపుకు తగిలించి తెచ్చి ఇద్దరు మనుషులు నీళ్ళలోకి తోసేయొచ్చు. రెండోది పెద్దది. పైన కప్పు, రెండు ఇంజన్లు, అటూ ఇటూ మెత్తటి సీట్లు, పాటల పెట్టె. దాన్ని దింపాలంటే ట్రాక్టరు కావాలి, నడపాలంటే జీతం మనిషి కావాలి.

మేము పెద్దదాన్ని చూస్తుండగా అక్క కనబడలేదు. వెనక్కి తిరిగితే చిన్న పడవలో, స్టీరింగు ముందు కూర్చుని ఉంది. షెడ్డులో నేల మీద, చెక్కదిమ్మెల మీద నిలబెట్టిన పడవ అది. రెండు చేతులూ చక్రం మీద పెట్టి ఎదురుగా గోడ వైపు చూస్తోంది. బావ దగ్గరికి వెళ్ళగానే ఆయన అడగకుండానే చెప్పింది. ఆమె అట్లా చెప్పడం నేను విన్నది అదే మొదలు.

"ఇది సాలు. ఇదైతే నేనే నడుపుకుంట."

బావ నవ్వాడు. మంచి నవ్వే. "విన్నవా మరదలా, మీ అక్క నడుపుతదట." తర్వాత తల వంచి, చెవి ఆమె వైపు పెట్టాడు. "చిన్నది గొంటే ఎట్లనే? వియ్యంకుడొస్తడు, ఆయన తమ్ముడొస్తడు, తోడల్లుడొస్తడు, మిల్లోళ్ళొస్తరు. నల్గుర్ని ఎక్కిచ్చుకొని మిగిలినోళ్ళను ఒడ్డుమీద నిలబెడితే రేపు పెండ్లిళ్ళల్ల మొకాలు సూస్తరా? నువ్వే చెప్పు. పెద్దదే అంటవ్ గద? పెద్దదే అంటది."

ఇది మావాళ్ళకే పట్టిన జబ్బు. పడవ కొనేటప్పుడు నీళ్ళ లోతు ఎంత, ఎవరు నడుపుతారు, ఎక్కడ పెడతారు అని ఎవరైనా చూస్తారు. మావాళ్ళు బంతి భోజనాలకు ఆకులు లెక్కపెట్టినట్టు చుట్టాలను లెక్కపెట్టారు. ఎవరిని ఎక్కిస్తే ఎవరికి కోపం, ఎవరి పక్కన ఎవరు. ఆ లెక్కలో పడవ పెరిగి పెరిగి పెద్దదైంది.

షెడ్డు యజమాని మర్యాదస్తుడు. "అమ్మగారు ఇది బాగుందంటున్నారు కదండీ" అన్నాడు. బావ ఆయన భుజం తట్టి, "ఆమెకు పెద్దదే నచ్చిందయ్యా, ఖర్చని మొహమాటపడుతున్నది" అన్నాడు. యజమాని నమ్మకుండా అక్క వైపు చూసి, "ఏమ్మా, అంతేనాండీ?" అన్నాడు.

అక్క స్టీరింగు మీది నుంచి చేతులు తీసింది. "ఊ" అంది.

"అడిగినం, అయిపాయె" అన్నాడు బావ.

పడవను నీళ్ళలోకి దింపిన రోజు మఠంపల్లి ఒడ్డున జాతరే. కారుకైతే టైర్ల కింద నిమ్మకాయలు పెడతారు, పడవకు ఎక్కడ పెట్టాలని పెద్ద చర్చ జరిగింది. చివరికి దాన్ని తెచ్చిన ట్రాలీ చక్రాల కింద పెట్టి తొక్కించారు. అక్క కొబ్బరికాయ కొట్టింది, బొట్టు పెట్టింది, హారతి ఇచ్చింది. వియ్యంకుడు ఎక్కాడు, ఆయన తమ్ముడు ఎక్కాడు, తోడల్లుడంటే మా ఆయన, ఆయనా ఎక్కాడు. మిల్లువాళ్ళు ఎక్కారు. ఎక్కకుండా మొహమాటపడుతున్న వాళ్ళను బావ దిగివచ్చి చెయ్యి పట్టి ఎక్కించాడు. సీట్లు నిండాయి. అక్క హారతి పళ్ళెం పట్టుకుని నీళ్ళ అంచున నిలబడి ఉంది, తడి చీర పాదాలకు అంటుకుని.

"నువ్వు ఇంకో ట్రిప్పుల వస్తవ్ గద?" అన్నాడు బావ పడవలోంచి తల వంచి. "వస్తది. మేం తిరిగొచ్చేటాళ్ళకు అన్నాలు కావాలె."

ఎవ్వరినీ ఒడ్డున నిలబెట్టకూడదని కొన్న పడవ మా అక్కను ఒడ్డున నిలబెట్టి పోయింది. ఇంకో ట్రిప్పు రాలేదా అంటే, వచ్చాయి. ఎన్నో వచ్చాయి. వెనక సీట్లో మటన్ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, తొణకకుండా రెండు చేతులా పట్టుకుని కూర్చునేది. అతిథులు ఎక్కువైతే గిన్నె పడవలో పోయేది, ఆమె తోటలో ఉండేది. ప్రతి ట్రిప్పులోనూ బావ అతిథులకు చెప్పేవాడు, ఈ పడవ మా ఆమె ఇష్టపడి కొనిపించింది అని. వాళ్ళు ఆమె వైపు మెచ్చుకోలుగా చూసేవారు. ఆ చూపులు చూసినప్పుడల్లా ఆ గిన్నె లాక్కుని నదిలో పారేయాలనిపించేది నాకు. నేను పారేయలేదు. ఇంటికొచ్చి మా ఆయనతో పోట్లాడేదాన్ని.

ఆయన పోయింది మిల్లులోనే, పొద్దున పూట, చేతిలో వడ్లు ఉండగానే. గుండె ఆగింది. ఏడవలేదని అనను. ఏడ్చాను. ఏడుస్తూ కూడా నాకు కోపం తగ్గలేదు. రెండూ ఒకేసారి ఉండవని చెప్పినవాళ్ళెవరో నాకు తెలియదు.

మూడో మాసికం అయ్యాక అక్క అల్లుడు పడవ సంగతి ఎత్తాడు. ఆయనకు సూర్యాపేటలో మోటారు పంపుల దుకాణం. పెద్దవూర వైపు చిన్న రిసార్టు నడిపే ఒకాయనకు జనం ఎక్కువై పెద్ద పడవ కావాలట. తన దగ్గరున్న చిన్న పడవ ఇచ్చి, మిగతాది డబ్బుగా ఇచ్చుకుంటానన్నాడట. ఆయన దాన్ని జీపుకు తగిలించుకుని మఠంపల్లి ఒడ్డుకే తెచ్చాడు. అల్లుడు మా ఇద్దరినీ తీసుకెళ్ళాడు. ఏడాది తిరగకుండా ఆమెను నది ఒడ్డుకు తీసుకుపోవడమేమిటని వియ్యపురాలు అప్పటికే గొణిగింది.

చిన్న పడవను ఒడ్డున చూడగానే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాదాపు అట్లాంటిదే. నలుగురు కూర్చునేది, ముందు స్టీరింగు, రంగొక్కటే వేరు. పెద్దది పక్కనే నీళ్ళలో కట్టేసి ఉంది, డ్రైవరు దాని కప్పు తుడుస్తున్నాడు.

"అత్తమ్మా, మీరేమంటరు?" అన్నాడు అల్లుడు. "మార్చుకుందమా, ఉంచుకుందమా? మీ ఇష్టం."

అడిగి నోరు మూసుకున్నాడు. మంచివాడని చెప్పాను కదా. అక్క ఒక పడవను చూసింది, ఇంకో పడవను చూసింది. రిసార్టాయన గడియారం చూసుకున్నాడు. ఆమె మాట్లాడదు, ఎన్నేళ్ళుగానో మాట్లాడని మనిషి ఇప్పుడెట్లా మాట్లాడుతుంది అనుకున్నాను. ఇన్నాళ్ళూ మింగిన కోపమంతా నోట్లోకి వచ్చింది.

"అడుగుడెందుకయ్యా? ఆమెకు చిన్నదే కావాలె" అన్నాను. "మొదటినుంచి చిన్నదే కావాలన్నది, ఎవ్వలిన్నరు? మార్చేయి."

అక్క నావైపు తిరిగింది. దవాఖాన బయట చూసిన చూపు కాదు అది. అంతకంటే గట్టిది.

"అల్లుడు నన్నడిగిండా, నిన్నడిగిండా?"

నేను అల్లుడి వైపు చూశాను.

"అప్పుడు నేను చిన్నది ఎందుకడిగిన్నో ఎరుకనా నీకు?" అంది. గొంతు పెంచలేదు కానీ ఒడ్డున ఉన్నవాళ్ళందరికీ వినిపించింది. "పెద్దది నడుపుతనంటే నాకెట్లాగు ఇయ్యరు. చిన్నదన్న ఇస్తరేమోనని అడిగిన. ఇష్టమయ్యి అడిగిన్ననుకున్నవా? ఇన్నేండ్ల సంది నన్ను చూసుకుంట నువ్వు గూడ గంతనే అనుకున్నవా?"

నాకు ఆయన మీద ఎంత కోపం ఉండిందో, ఆ క్షణంలో అంత కోపం నా మీద నాకు వచ్చింది. కోపం వచ్చినా ఏం చెయ్యాలో తెలియలేదు.

అక్క అల్లుడితో, "వద్దయ్యా, మార్చకు. పెద్దదే ఉండనీ" అంది. చెప్పులు విప్పింది. కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని నీళ్ళలోకి దిగి పెద్ద పడవ ఎక్కింది. డ్రైవరు తడబడి గుడ్డ పక్కన పడేసి, "అమ్మా, రెండింజన్లది, నేను పట్టుకుంట" అన్నాడు.

"నువ్వు పక్కన కూసో. నేను ఒంకర పోతే చెప్పు" అని తాళం చెవి కోసం చెయ్యి చాపింది. డ్రైవరు అల్లుడి వైపు చూశాడు. అల్లుడు అక్క వైపు చూశాడు. డ్రైవరు తాళం ఇచ్చాడు.

వెనక సీట్లన్నీ ఖాళీగా ఉన్నాయి. అక్క స్టీరింగు ముందు నిలబడి ఒడ్డు మీద ఉన్న నన్ను చూసింది.

"నువ్వొస్తవా?" అంది.

నాకు నీళ్ళంటే ఇప్పటికీ భయమే. ఆ సంగతి ఆమెకు తెలుసు. రిసార్టాయన జీపు స్టార్టు చేశాడు, అల్లుడు ఆయనతో ఏదో చెప్పడానికి వెళ్ళాడు, డ్రైవరు కట్టుతాడు విప్పి చేతిలో పట్టుకున్నాడు. మా అక్క మాత్రం తాళం తిప్పకుండా, నేను జవాబు చెప్పేదాకా ఆగింది.